గాలి పడవ మీది పాత జిగురు: పొర చెడకుండా తొలగించే పద్ధతి

కర్నూలు ప్రాంతంలో గాలి నింపే పడవ ఏది కనిపించినా రబ్బరు బోటు అనడమే అలవాటు. ఈ పేరు వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. రబ్బరే అనుకున్నవాడు నేరుగా పంచరు అంగడికి వెళ్తాడు, సైకిలు ట్యూబుకు వాడే సొల్యూషను పూయిస్తాడు, అది నాలుగు రోజులకు ఊడివచ్చాక మిగిలిన పసుపు బంకను పెట్రోలుతోనో థిన్నరుతోనో రుద్దుతాడు. ఇప్పుడు మన దగ్గర అమ్ముడవుతున్న గాలి పడవల్లో ఎక్కువ భాగం రబ్బరుతో చేసినవి కావు. పాలియెస్టర్ నేతకు రెండు వైపులా పీవీసీ పూత వేసిన బట్టతో అవి తయారవుతాయి. బంకను కరిగించే ద్రవాల్లో చాలావరకు ఆ పూతను కూడా కరిగిస్తాయి.

పదేళ్ల కిందట నేను చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. గాజులదిన్నె జలాశయంలో తిరగడానికి మేము నలుగురం కలిసి కొన్న పాత పడవకు ఒక పక్క మునుపటివారి పేరు స్టిక్కరు ఉండేది. దాన్ని పీకేశాక అరచేయంత మేర బంక మిగిలింది. ఇంటి గేటుకు రంగు వేయగా మిగిలిన థిన్నరు సీసా చేతికి దొరికింది. రెండు నిమిషాల్లో బంక మాయమైంది, నా తెలివికి నేనే మురిసిపోయాను. పదిహేను రోజులకు ఆ చోటు అట్టలా బిగుసుకుపోయింది. మరుసటి వేసవిలో పడవను మడిచి విప్పిన ప్రతిసారీ అక్కడే వెంట్రుకంత సన్నని పగుళ్లు తేలాయి, ఆ పగుళ్ల గుండా గాలి పోవడం మొదలైంది. స్టిక్కరు బంక అలాగే ఉండనిచ్చినా పడవకు వచ్చే కష్టమేమీ లేదు.

అలా ఎందుకు జరిగిందో తెలిస్తే మిగతా పద్ధతంతా సులువుగా అర్థమవుతుంది. ఇంట్లో నీళ్లు వచ్చే గట్టి పైపూ పీవీసీయే, పడవ మీది మెత్తని పొరా పీవీసీయే. పడవ పొరలో మెత్తదనం తెచ్చే నూనెలాంటి పదార్థాన్ని కలుపుతారు; దాన్ని ప్లాస్టిసైజర్ అంటారు. థిన్నరు, ఎసిటోన్ వంటివి ఆ పదార్థాన్ని బయటికి లాగేస్తాయి, పూతను ఉబ్బించి మెత్తబరుస్తాయి, ఆవిరైపోయాక వెనుక గట్టి పొరను మిగుల్చుతాయి. పైపులు అతికించే సాల్వెంటు సిమెంటు పనిచేసేది కూడా పీవీసీని కరిగించే గుణం వల్లనే. కాబట్టి జిగురు తీసే పనిలో అసలు ప్రశ్న జిగురు ఎంత మొండిదన్నది కాదు. దాని కింద ఉన్న పొర దేనిని ఎంతసేపు తట్టుకోగలదన్నదే.

ముందు పడవ బట్టను గుర్తించాలి

గాలి పడవల బట్టలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పీవీసీ. రెండవది హైపలాన్ అనే పేరుతో ప్రసిద్ధమైన కృత్రిమ రబ్బరు. డ్యుపాంట్ సంస్థ ఆ పేరుతో చేసే తయారీని 2010లో ఆపేసింది, అయినా అదే జాతి పదార్థాన్ని వేరే తయారీదారులు చేస్తూనే ఉన్నారు, వాడుకలో పాత పేరే నిలిచిపోయింది. ఖరీదైన పడవలకు, ఎక్కువ కాలం ఎండలో ఉంచవలసిన పడవలకు దీన్ని వాడతారు.

పడవ వెనుక చెక్క పలక దగ్గర సాధారణంగా తయారీదారు పట్టీ ఉంటుంది. అందులో మనుషుల సంఖ్య, బరువు, గాలి పీడనంతో పాటు కొన్నిసార్లు బట్ట పేరు కూడా రాసి ఉంటుంది. అది చెరిగిపోయి ఉంటే కంటితో, చేతితో చూడవలసిందే. పీవీసీ పొర కాస్త నిగనిగలాడుతుంది, గోటితో గీస్తే ప్లాస్టిక్ స్పర్శ తెలుస్తుంది, బట్ట అంచు కనిపించే చోట లోపలి వైపు, వెలుపలి వైపు ఒకే తీరుగా ఉంటాయి. హైపలాన్ పొర మెరుపు లేకుండా సుద్ద పూసినట్టు ఉంటుంది, లోపలి వైపు చాలాసార్లు నల్లటి లేదా బూడిదరంగు నియోప్రీన్ (మరో కృత్రిమ రబ్బరు) పొర కనిపిస్తుంది. ఇంకా అనుమానం తీరకపోతే పట్టీ కింద, కంటికి కనబడని అంచున, ఆవగింజంత చోట వేడిచేసిన సూదిని తాకించవచ్చు. పీవీసీ కరుగుతుంది, హైపలాన్ కరగకుండా మాడుతుంది. గాలి నిలిచే ట్యూబు మీద మాత్రం ఈ పరీక్ష చేయకూడదు.

మూడవ రకం ఒకటుంది. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే, పిల్లలు ఈతకొలనులో ఆడుకునే పడవల్లో లోపల నేత దారమే ఉండదు, వట్టి ప్లాస్టిక్ రేకు మాత్రమే ఉంటుంది. వీటి మీద ఏ ద్రావకమూ, అంటే జిగురును కరిగించే ఏ రసాయన ద్రవమూ, వాడకూడదు. సబ్బు నీళ్లు, బొటనవేలు, ఓపిక, ఈ మూడింటితో పోయినంత పోతుంది, పోనిది ఉండనివ్వాలి.

తరువాత జిగురును గుర్తించాలి

స్టిక్కరు బంక, గోధుమరంగు ప్యాకింగ్ టేపు బంక, బట్టతో చేసిన వెండిరంగు టేపు బంక ఎప్పటికీ పూర్తిగా ఎండవు. వేలు పెడితే అంటుకుంటాయి, ధూళి పట్టి నల్లబడతాయి. వీటిని తీయడం అన్నిటికంటే సులువు. ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 వంటి, చెప్పులు కుట్టేవారు, సోఫాలు చేసేవారు వాడే పసుపురంగు జిగురు ఎండాక సాగే రబ్బరు పొరలా ఉంటుంది. పంచరు సొల్యూషనూ దాదాపు ఇలాగే ఉంటుంది. ఇవి రుద్దితే ఉండలు కడతాయి. పడవల కోసమే చేసిన, గట్టిపరిచే ద్రవాన్ని కలిపి వాడే రెండు భాగాల జిగురు ఎండితే పలుచని గట్టి పొరగా బట్టతో ఏకమై కనిపిస్తుంది. దీన్ని ద్రావకాలు తొందరగా లొంగదీయలేవు.

ఇక తొందరపాటు మరమ్మతుల వారసత్వం ఉంది: ఫెవిక్విక్, ఎం-సీల్, కిటికీ అద్దాలకు పెట్టే సిలికాన్. పడవలో అత్యధిక శ్రమ వీటితోనే. వీటి సంగతి విడిగా చెబుతాను.

ఒక తికమకను ఇక్కడే తీర్చుకోవాలి. పడవ మొత్తం, ఎక్కడ ముట్టుకున్నా, సన్నగా జిగటగా ఉంటే అది బయటినుంచి అంటిన జిగురు కాకపోవచ్చు. ఏళ్ల తరబడి ఎండలో, వేడి గోదాముల్లో ఉన్న పీవీసీలోని ప్లాస్టిసైజర్ పైకి తేలి వచ్చినప్పుడు కూడా అచ్చం అలాగే ఉంటుంది. దాన్ని ద్రావకంతో తుడిస్తే జబ్బు ముదురుతుంది. సబ్బు నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, టాల్కం పౌడరు చల్లి వాడుకోవడం తప్ప ఆ స్థితికి పెద్ద వైద్యం లేదు.

స్థలం, వేళ, గాలి, రక్షణ

మన ఎండల్లో ఈ పనికి ఉదయం ఆరు నుంచి తొమ్మిది లోపు వేళే సరైనది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం, కడపలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే, ఎండలో ఉన్న ముదురురంగు బట్ట అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. ఆ వేడిలో ద్రావకం గుడ్డ నుంచి పడవకు చేరేలోపే ఆవిరైపోతుంది, కరిగిన బంక మళ్లీ అక్కడే పలుచగా పరుచుకుని ఎండిపోతుంది. కడప బండలు పరచిన వాకిలి ఈ పనికి బాగుంటుంది కానీ, బండల అంచులు బట్టను కోయగలవు, మధ్యాహ్నానికి పెనంలా కాలుతాయి. కాబట్టి నీడ పట్టున టార్పాలిన్ పరచి, దాని మీద పాత దుప్పటి వేసి పడవను ఉంచాలి. కింద పాత దినపత్రికలు పరచవద్దు. వాటి సిరా పీవీసీకి అంటుతుంది, ఆ మరక తీయడం ఈ బంక కంటే కష్టం.

ట్యూబులో గాలి కొద్దిగా ఉండాలి, ముడతలు లేకుండా నిలిచేంత చాలు. పూర్తిగా వదిలేస్తే బట్ట వేలి కింద నలిగి జిగురు మడతల్లోకి దూరుతుంది. పూర్తిగా బిగించి నింపితే వేడికి ఇబ్బంది. చాలా పడవల ట్యూబులకు 0.25 బార్ (గాలి పీడనపు కొలత) దరిదాపు పీడనం నిర్ణయించి ఉంటుంది. ఉదయం 25 డిగ్రీల చల్లదనంలో అంత నింపిన గాలి, ఎండకు 55 డిగ్రీలకు చేరితే, ట్యూబు సాగకపోయిన పక్షంలో, పీడనం 0.37 బార్ దాకా పెరుగుతుంది. అంటే దాదాపు సగం ఎక్కువ. అటువంటి ఒత్తిడిలో ఉన్న బట్టకు ద్రావకం తగిలించడం, హీట్ గన్ చూపడం మంచిది కాదు. గాలి మూతలకు రబ్బరు వలయాలు, ప్లాస్టిక్ మరలు ఉంటాయి. వాటి చుట్టూ, అతుకుల మీది పట్టీల వెంట, రంగుతో రాసిన అంకెల మీద, పెయింటర్లు వాడే కాగితపు టేపు అంటించి కాపాడుకోవాలి. పని ముగిసిన వెంటనే ఆ టేపును తీసేయాలి. మరుసటి రోజు దాకా వదిలేస్తే అదీ బంక మిగిల్చి మన పనిని రెట్టింపు చేస్తుంది.

ద్రావకాల ప్రమాదాన్ని మనవాళ్లు వాసనతో కొలుస్తారు, అది సరికాదు. టాల్యూయీన్ ఆవిరి సుమారు 4 డిగ్రీల దగ్గరే నిప్పంటుకోగలదు, ఐసోప్రొపైల్ ఆల్కహాలు సుమారు 12 డిగ్రీల దగ్గర, ఎసిటోన్, ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్ అనే ద్రావకం) అయితే సున్నాకు దిగువనే. జనవరి తెల్లవారుజామున కూడా మన ఊళ్లలో అంత చల్లదనం అరుదు. అంటే మూత తీసిన సీసా దాదాపు ఏడాది పొడవునా అంటుకోగల స్థితిలోనే ఉంటుంది. ఆవిర్లు గాలికంటే బరువైనవి కావడంతో పడవ అడుగున, లోగిలి గుంతల్లో, సంపు మూత దగ్గర చేరి నిలుస్తాయి. పడవ లోపల కూర్చుని వంగి తుడిచే మనిషి ముక్కు సరిగ్గా ఆ మడుగులోనే ఉంటుంది. పూజ దీపం, గ్యాసు పొయ్యి, బీడీ, మోటారు స్విచ్చు, ఇవేవీ దగ్గరలో ఉండకూడదు. పొడి గుడ్డతో ప్లాస్టిక్‌ను వేగంగా రుద్దితే పుట్టే స్థిర విద్యుత్తు కూడా రవ్వ తేగలదు, మన పొడి గాలిలో ఆ అవకాశం ఇంకా ఎక్కువ.

చేతి తొడుగుల విషయంలోనూ ఒక మాట. నీలిరంగు నైట్రైల్ తొడుగులు ఆల్కహాలుకు, టర్పెంటైనుకు సరిపోతాయి. ఎసిటోన్, ఎంఈకేలను అవి ఆపలేవు, కొద్ది నిమిషాల్లోనే ఉబ్బిపోతాయి; వాటికి బ్యుటైల్ రబ్బరు తొడుగులు కావాలి. కోవిడ్ కాలం నుంచి ఇంట్లో మిగిలిన మాస్కు దుమ్మును ఆపుతుంది తప్ప ఆవిరిని ఆపదు. ఆవిరికి బొగ్గు క్యాట్రిడ్జి ఉన్న మాస్కే పనికొస్తుంది. ద్రావకాన్ని మంచినీళ్ల సీసాలో పోసి పెట్టడం అన్నిటికంటే పెద్ద నేరం. ఇంట్లో పిల్లలుంటే ఇంతకంటే వివరించనక్కర్లేదు.

మొదటి మెట్టు: ద్రవం లేకుండా పోయినంత

జిగురును ముందుగా పొడిగానే తీయాలి. బొటనవేలి మెత్తతో బంక అంచు నుంచి లోపలికి నెడుతూ రుద్దితే స్టిక్కరు బంక, పంచరు సొల్యూషను చిన్న చిన్న ఉండలుగా లేస్తాయి. ఆ ఉండలనే పోగుచేసి ఒక గోళీగా చేసి, మిగతా బంక మీద ఒత్తి ఎత్తుతూ ఉంటే, బంకే బంకను లాగుతుంది. రబ్బరు జాతి జిగురుకు తనలాంటి జిగురుమీద ఉన్న ప్రేమ మరిదేనిమీదా ఉండదు. పాత చెప్పుల అడుగున వేసే పసుపు క్రేపు రబ్బరు ముక్క దొరికితే ఇంకా మంచిది. దాన్ని పెన్సిలు గీతలు చెరిపే రబ్బరులా ఒకే దిశలో లాగాలి. ముక్క ముఖం నల్లబడగానే బ్లేడుతో ఆ పొరను కోసేసి మళ్లీ వాడుకోవచ్చు.

గీకడానికి ఇనుప వస్తువు వద్దు. పాత ఏటీఎం కార్డు, ప్లాస్టిక్ అట్లకాడ, గుండ్రటి అంచున్న కొబ్బరి చిప్ప ముక్క వాడవచ్చు. మామూలు పడవ బట్ట మందం 0.7 నుంచి 0.9 మిల్లీమీటర్లు ఉంటుంది, అందులో నేతను తీసేస్తే పైన రక్షణగా ఉండే పూత చాలా పలుచనిది. కత్తి ఒకసారి జారితే దారం బయటపడుతుంది. దారం బయటపడిన చోట నీరు దీపపు వత్తిలో నూనెలా నేత వెంట లోపలికి పాకుతుంది. గరుకు కాగితం గురించి అడిగేవారికి కూడా ఇదే సమాధానం: జిగురు తీయడానికి దాన్ని వాడకూడదు.

నా అనుభవంలో స్టిక్కరు బంకలో సగానికి పైగా ఈ మెట్టులోనే పోతుంది. చాలామంది పదిహేను నిమిషాల ఓపిక లేక నేరుగా సీసా మూత తీస్తారు.

రెండవ మెట్టు: వెచ్చదనం

తల ఆరబెట్టుకునే హెయిర్ డ్రయ్యర్ ఈ పనికి హీట్ గన్ కంటే మంచిది, ఎందుకంటే దాని వేడికి ఒక హద్దు ఉంటుంది. పీవీసీ 80 డిగ్రీల ప్రాంతంలో బాగా మెత్తబడి ఆకారం కోల్పోతుంది. హీట్ గన్ మూతి దగ్గర గాలి దానికి ఎన్నో రెట్ల వేడిలో ఉంటుంది. చేతి వెనుక భాగాన్ని బట్టకు ఆనించి మూడు సెకన్లు ఉంచగలిగేంత వేడే మన హద్దు. డ్రయ్యర్‌ను ఒకచోట నిలపకుండా ఊపుతూ ఉండాలి. కారఖానాలో వేడితోనో జిగురుతోనో అతికించిన అసలు అతుకుల మీదికి వేడి పోకుండా తడి గుడ్డ కప్పి ఉంచాలి.

ఊడిపోతున్న పాత అతుకు ముక్కను పూర్తిగా తీయడానికి ఇదే దారి. ఒక మూల వెచ్చబరచి, ప్లాస్టిక్ కార్డును దూర్చి, ముక్కను పైకి కాక వెనక్కి మడిచినట్టు, బట్టకు సమాంతరంగా, మెల్లగా లాగాలి. నిమిషానికి ఒక అంగుళం వచ్చినా సంతోషించాలి. లాగేటప్పుడు పడవ బట్ట రంగు పొర ముక్కతో పాటు లేస్తున్నట్టు కనిపిస్తే వెంటనే ఆపి, రెండవ మూల నుంచి మొదలుపెట్టాలి. అటూ అదే జరిగితే, ఆ భాగం బాగా పట్టి ఉందని అర్థం. ఊడిన మేరకే కత్తిరించి, పట్టి ఉన్నదాన్ని వదిలేయడం మేలు.

ద్రావకం తడి ఉన్న చోట, లేదా దాని సీసా దగ్గరలో ఉన్నప్పుడు డ్రయ్యర్ వాడకూడదు. వేడి పని, ద్రావకం పని ఒకే పూట పెట్టుకోకపోతే ఆ ప్రమాదమే రాదు.

మూడవ మెట్టు: నూనె, ఆ తరువాత సబ్బు

టేపు బంకకు, స్టిక్కరు బంకకు వంటింటి నూనె బాగా పనిచేస్తుంది. అనంతపురంలో వేరుశెనగ నూనె లేని ఇల్లు ఉండదు కాబట్టి దానికోసం అంగడికి వెళ్లనక్కర్లేదు. కొబ్బరినూనె అయినా సరే. కొద్దిగా పూసి పది నిమిషాలు వదిలి, బొటనవేలితో రుద్దితే బంక పట్టు వదులుతుంది. నీలగిరి తైలం ఇంకా వేగంగా పనిచేస్తుంది, కానీ అది స్వయంగా ఒక ద్రావకమే కనుక గుడ్డకు నాలుగు చుక్కలు పోసి తుడిచి, వెంటనే కడగాలి, నానబెట్టకూడదు. మా ప్రాంతంలో పుట్టి (తారు పూసిన గుండ్రటి బుట్టపడవ) నడిపేవారితో కలిసి తిరిగే పడవలకు తారు మరకలు కూడా అంటుతుంటాయి. వాటికీ మొదటి వైద్యం నూనే.

ఈ మెట్టుకు ఒక మినహాయింపు ఉంది, దాన్ని మరవకూడదు. అదే చోట కొత్త అతుకు వేయాలనుకుంటే నూనె జోలికి పోవద్దు. నూనె పొర ఏమాత్రం మిగిలినా కొత్త జిగురు పట్టదు.

నూనె తరువాత సబ్బు తప్పనిసరి. పాత్రలు తోమే ద్రవాన్ని గోరువెచ్చని నీళ్లలో కలిపి మెత్తని స్పాంజితో కడగాలి. మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువగా ఉండటంతో బట్టల సబ్బు వాడితే తెల్లని జిడ్డు తెట్టు పడవకు పట్టుకుంటుంది. అందుకే ద్రవ డిటర్జెంటే మేలు, చివరి కడుగుకు మినరల్ వాటరు క్యాను నీళ్లో, వాననీళ్లో వాడాలి. కుంకుడుకాయ పులుసు కూడా బట్టకు హాని చేయదు, చేతులకూ హాయి. దాని రంగు లేత పడవల మీద కాస్త పట్టవచ్చు, ఆలస్యం చేయక కడిగితే పోతుంది.

నాలుగవ మెట్టు: ద్రావకం

ఇంతవరకు వచ్చాక కూడా బంక మిగిలి ఉంటేనే ద్రావకం. ఏది వాడినా ముందు కనబడని చోట రూపాయి బిళ్లంత మేర తుడిచి, పావుగంట ఆగి, బట్ట జిగటగా మారిందా, నిగనిగ పోయిందా, గుడ్డకు రంగు అంటిందా చూడాలి.

పీవీసీ మీద మొదట ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో మొదలుపెట్టాలి. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ కూడా పనికొస్తుంది. చేతులకు రాసుకునే శానిటైజరు జెల్ మాత్రం వద్దు, అందులోని గ్లిజరిన్ పైన పొరగా మిగులుతుంది. ఆల్కహాలుతో లొంగని రబ్బరు జాతి బంకకు పెయింటు అంగళ్లలో అమ్మే మినరల్ టర్పెంటైన్ రెండవ అస్త్రం. దాన్ని కూడా సెకన్ల లెక్కన తాకించి తుడవాలి, ఎందుకంటే ఎక్కువసేపు ఉంటే అదీ మెత్తదనాన్ని లాగేస్తుంది. కిరసనాయిలు పీవీసీని వెంటనే కాల్చేయదు కానీ జిడ్డు వదిలిపెట్టదు. పెట్రోలు, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగులకు వాడే థిన్నరు, గోళ్ల రంగు తీసే ద్రవం, ఈ మూడూ పడవ దగ్గరికి రాకూడదు. గోళ్ల రంగు తీసే ద్రవంలో ఉండేది సాధారణంగా ఎసిటోనే.

ఎంఈకే గురించి పడవ మరమ్మతు పుస్తకాలన్నీ చెబుతాయి. అది కొత్త అతుకు వేయబోయే ముందు పీవీసీని శుభ్రం చేసి, పైపొరను లేశంగా మెత్తబరచడానికి వాడేది. గుడ్డను తడిపి పిండి, ఒకే దిశలో ఒకటి రెండుసార్లు, పది సెకన్లకు మించకుండా తుడవాలి. బంక కరిగేదాకా దానితో రుద్దుతూ కూర్చోవడం నా థిన్నరు కథకు రెండవ భాగం రాయడమే.

హైపలాన్ అయితే లెక్క మారుతుంది. ఎండిన నియోప్రీన్ జిగురును దాని మీద టాల్యూయీన్‌తో తీయడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. గుడ్డతో తడిపి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, బంక ఉబ్బి మెత్తబడ్డాక ప్లాస్టిక్ కార్డుతో నెట్టి, క్రేపు ముక్కతో ఎత్తాలి. గుడ్డకు కొద్దిగా పడవ రంగు రావడం హైపలాన్‌కు సహజం. ధారాళంగా వస్తుంటే ఆపాలి. ఇంటి లోపల, తలుపులు వేసిన షెడ్డులో ఈ పని చేయకూడదు.

తుడిచే తీరు ద్రావకం ఎంపిక కంటే ముఖ్యమని నా అభిప్రాయం. ద్రవాన్ని పడవ మీద పోయకూడదు, గుడ్డ మీదే పోయాలి. గుడ్డ తెల్లని నూలుదై ఉండాలి. పాత పంచె ముక్కలకు మించినవి నాకు దొరకలేదు. తెలుపైతే పడవ రంగు వస్తోందో లేదో తెలుస్తుంది, నూలైతే కరగదు. ఒక చేతిలో తడి గుడ్డ, మరో చేతిలో పొడి గుడ్డ పట్టుకుని, మరక అంచు నుంచి నడిమికి తడి గుడ్డతో ఒకసారి లాగి, వెనువెంటనే పొడి గుడ్డతో ఎత్తేయాలి. ప్రతి లాగుకూ గుడ్డ ముఖం మార్చాలి. అదే ముఖంతో రుద్దుతూ పోతే బంక పోదు, పలుచనై పెద్దదవుతుంది. ఆరాక చూస్తే అరచేయంత మరక పళ్లెమంత అవుతుంది. ఒక చోట మూడు నాలుగు లాగులు అయ్యాక ఐదు నిమిషాలు విడిచిపెట్టి, బట్ట పూర్తిగా ఆరి మామూలు గట్టితనానికి వచ్చాకే మళ్లీ మొదలుపెట్టాలి.

వాడిన గుడ్డలను చెత్తబుట్టలో కుక్కవద్దు. గాలి వీచే చోట, నిప్పుకు దూరంగా, ఒక్కొక్కటిగా బండ మీద పరచి పూర్తిగా ఆరనిచ్చి, తరువాత పారవేయాలి. మిగిలిన ద్రవాన్ని మురుగులోనో కాలువలోనో పోయకూడదు. కర్నూలు నగరం తాగేది తుంగభద్ర నీరే, సుంకేసుల దగ్గర మొదలయ్యే కేసీ కాలువ కడప దాకా పొలాలను తడుపుతుంది. పడవను నది ఒడ్డున కడుగుదామన్న ఆలోచనకూ ఇదే అభ్యంతరం.

మొండివాళ్లు ముగ్గురు

ఫెవిక్విక్ ఎండితే గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని కరిగించేది ఎసిటోన్, అది పీవీసీకి శత్రువు. కాబట్టి కరిగించే ప్రయత్నం మాని, విరిచే ప్రయత్నం చేయాలి: గాలి కొద్దిగా తగ్గించి, ఆ చోటును రెండు బొటనవేళ్ల మధ్య అటూ ఇటూ వంచితే పెళుసు పొర పగిలి పెచ్చులుగా లేస్తుంది. మిగిలిన మచ్చను అలాగే వదిలేయాలి. ఎం-సీల్‌కు కూడా ఇదే పద్ధతి. అది గట్టి ఎపాక్సీ, మెత్తని బట్ట మీద దాని పట్టు పైపైనే ఉంటుంది, గాలి తీసి బట్టను వంచితే అంచు లేస్తుంది. అంచు లేవని చోట సుత్తి, ఉలి తేవద్దు.

సిలికాన్ అన్నిటికంటే చెడ్డది. చూడటానికి మెత్తగా, సులువుగా పీకేయవచ్చన్నట్టు ఉంటుంది, నిజంగానే చాలావరకు వేలితో ఊడుతుంది. కానీ కంటికి కనబడని పలుచని పొర మిగిలిపోతుంది, దాని మీద ఏ జిగురూ నిలవదు. పైన చెప్పిన ద్రావకాల్లో ఏదీ దాన్ని కరిగించదు. క్రేపు రబ్బరుతో మళ్లీ మళ్లీ రుద్దడమే మార్గం. ఒక నీటి చుక్క వేసి చూస్తే, అది ముత్యంలా గుండ్రంగా నిలిచి జారిపోతుంటే సిలికాన్ ఇంకా ఉన్నట్టు, చుట్టుపక్కల బట్ట మీద పరుచుకున్నట్టే పరుచుకుంటే దాదాపు పోయినట్టు.

పడవల కోసమే చేసిన రెండు భాగాల జిగురు గట్టి పొరగా మిగిలి, గోటికి లేవకపోతే, దాన్ని తీయవలసిన అవసరమే లేదు. కొత్త అతుకు వేసేటప్పుడు దాని పైభాగాన్ని సన్నని గరుకు కాగితంతో మెరుపు పోయేంతవరకే గీసి, దాని మీదే కొత్త జిగురు పూయవచ్చు. గరుకు కాగితం చేత పట్టవలసిన సందర్భం ఇదొక్కటే, అదీ జిగురు పొర మీదే, బట్ట మీద కాదు.

కడిగిన తరువాత

పని ముగిశాక పడవ మొత్తాన్ని డిటర్జెంటు నీళ్లతో ఒకసారి కడిగి, నీడలో ఒక రాత్రి పూర్తిగా ఆరనివ్వాలి. మరుసటి ఉదయం, ఎండ రాకముందు, పట్టీ మీద రాసిన పీడనం వరకు గాలి నింపి, శుభ్రం చేసిన చోట సబ్బు నురుగును రంగు వేసే కుంచెతో పూసి చూడాలి. బుడగ లేస్తే ఆ చోటును పెన్సిలుతోనో బలపంతోనో గుర్తుపెట్టాలి. బాల్ పెన్ను, మార్కరు సిరాలు పీవీసీలోకి ఇంకిపోతాయి, వాటిని తీయడానికి మళ్లీ మొదటి మెట్టుకు రావలసి వస్తుంది. బుడగలు లేకపోయినా గాలి నింపిన పడవను ఒక రాత్రి నీడలో ఉంచి, తెల్లవారాక చేత్తో నొక్కి చూడాలి. రాత్రి చల్లదనానికి కొంత మెత్తబడటం సహజం; ఎండ ఎక్కాక తిరిగి బిగుసుకుంటే లీకు లేదన్నమాట.

కొత్త అతుకు వేయాలనుకునేవారు, తీసిన చోట ద్రావకం పూర్తిగా ఆవిరి కావడానికి కనీసం ఒక పగలంతా వదిలేయాలి. పీవీసీకి పాలియురేథేన్ జిగురు, హైపలాన్‌కు నియోప్రీన్ జిగురు, రెండూ గట్టిపరిచే ద్రవం కలిపి వాడేవే కొనాలి. మన ప్రాంతపు పొడి గాలి ఈ పనికి అనుకూలమే. వానాకాలపు ముసురు రోజుల్లో మాత్రం పూసిన జిగురు మీద తేమ చేరి పట్టు తగ్గుతుంది, అటువంటి రోజున పని మొదలుపెట్టవద్దు. పడవలకు నిగారింపు కోసం అమ్మే స్ప్రేలు, సిలికాన్ కలిసిన టైరు పాలిష్‌లు అతుకు వేయడం పూర్తయ్యేవరకు దాని దరిదాపుల్లోకి రాకూడదు.

మా పడవకు ఆ పగిలిన చోట చివరికి రెండు వైపులా అరచేతికి మించిన ముక్క వేయవలసి వచ్చింది. పంపు సంచిలో ఇప్పుడు ఒక అట్ట ముక్క ఉంటుంది: బట్ట పీవీసీ, జిగురు పాలియురేథేన్, అతుకు వేసిన తేదీ, దాని కింద ‘థిన్నరు వద్దు’ అన్న మాట. పడవను అడిగి తీసుకువెళ్లే ప్రతి ఒక్కరికీ ముందు ఆ అట్ట చూపించి, తరువాతే తెడ్లు ఇస్తున్నాను.